మా ఆవిడ రాసిన జవాబులు

రెండేళ్లు ఇంటి నుంచి పనిచేసి ఆఫీసుకు తిరిగొచ్చిన మమ్మల్ని కుదుటపరచడానికి కంపెనీ ఒక మేడంను నియమించింది. చాలా మంచి మనిషి. అదే నా చావుకొచ్చింది.

మాది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే కంపెనీ. అవి చెడిపోయాయని తిట్టిపోస్తూ జనం పంపే ఫిర్యాదులకు జవాబులు రాయడం నా ఉద్యోగం. ఇంటి దగ్గరున్న ఆ రెండేళ్లలో నా జవాబులకు ఎక్కడలేని పేరొచ్చింది. తిట్టినవాళ్లే మళ్లీ థాంక్స్ చెబుతూ రాశారు. నన్ను సెక్షన్‌కు పెద్దను చేశారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. వాటిలో ఒక్కటీ నేను రాసింది కాదు. మొదటి వారమే నడుం పట్టేసి నేను మంచమెక్కితే, మా ఆవిడ నాలుగు ఫిర్యాదులకు జవాబులు రాసిపెట్టింది. నడుం బాగుపడింది గానీ నా బద్ధకం బాగుపడలేదు. ఆవిడ రాసేది, నేను కింద నా పేరు పెట్టి పంపేవాణ్ణి.

ఆఫీసులో కూర్చుంటే ఒక్క ముక్క కదల్లేదు. మేడం గమనించారు. గోల వల్లేమోనని కిటికీ పక్క సీటు ఇప్పించారు. నడుం నొప్పేమోనని కుర్చీ మార్పించారు.

"తొందరేం లేదు సార్. ఇంటికి అలవాటు పడిన ప్రాణం కదా, మెల్లగా కుదురుకుంటారు" అనేవారు.

నేను పెద్దమనిషిలా తలూపేవాణ్ణి. తర్వాత ఫిర్యాదును ఫోన్‌తో ఫొటో తీసి, బాత్రూంలో దూరి మా ఆవిడకు పంపేవాణ్ణి. యాభై దాటిన మనిషిని, పరీక్షలో కాపీ కొట్టే పిల్లాడిలా గోడకు ఆనుకుని ఆవిడ జవాబు కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఇంతలో మా సెక్షన్‌లో ఒక ఖాళీ పడింది. ఆ సంగతి తెలిసి మా ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇన్నాళ్లూ నేనే రాశానని మీ వాళ్లకు ఒక్క మాట చెప్పండి. పిల్లలు కాలేజీలకు వెళ్తున్నారు. ఆ సీటు నాకిస్తారేమో."

ఆవిడ ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు.

"చెబుతాలే" అన్నాను.

"లే కాదు. రేపు చెబుతారా?"

"రేపే చెబుతాను."

మర్నాడు మేడం, ఆఫీసుకు తిరిగొచ్చిన మా అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, నా పేరున్న జవాబొకటి పైకి చదివారు. ఫ్రిజ్ ఆగిపోయి మందులు పాడైన ఒక ముసలామెకు పంపింది అది. 'ఆ రాత్రి మీరు ఒక్కరే ఎంత భయపడ్డారో ముందు అడగాల్సింది. ఫ్రిజ్ సంగతి ఆ తర్వాత' అని ఉంది అందులో. వింటూ ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"ఇలా ఎలా రాస్తారో వీళ్లకు కాస్త చెప్పండి సార్" అన్నారు మేడం.

లేచాను. చెప్పేశాను.

"ఇది నేను రాయలేదండి. మా ఆవిడ రాసింది."

గది మొత్తం ఘొల్లున నవ్వింది. "మా ఇంట్లోనూ అంతే గురువుగారూ, సంతకం ఒక్కటే నాది" అన్నాడు స్టోర్స్ గుమస్తా. మళ్లీ నవ్వులు.

"మీ వినయానికి దండం పెట్టాలి సార్" అన్నారు మేడం.

అందరూ నన్నే చూస్తున్నారు, ఎంతో ఇష్టంగా. కాదు, నిజంగానే ఆవిడే రాసిందని ఇంకొక్కసారి అంటే సరిపోయేది. అంటే నా పరువు, పెద్దరికం రెండూ పోతాయి. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. నవ్వి కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్తే, బెల్లు కొట్టకముందే తలుపు తెరుచుకుంది. లోపల కుర్చీ మీద, ఇంటర్వ్యూకి వేసుకోవడానికి కాబోలు, ఆవిడ మంచి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టి ఉన్నాయి.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"నవ్వారు. జోక్ అనుకున్నారు."

"మరి మీరేమన్నారు?"

వంగి చెప్పులు విప్పుకోసాగాను.

"మీరూ నవ్వి ఉంటారు" అంది.

ఆవిడ ఆ బట్టలు తీసుకెళ్లి బీరువాలో పెట్టి వచ్చింది.

"రేపట్నుంచి నాకేమీ పంపకండి" అంది, మామూలు గొంతుతోనే.