పదకొండు గొర్రెల పాఠం

ముదిగుబ్బ నుంచి కదిరికి పోయే దారిలో, రాళ్ళగుట్ట కింద, ప్రభుత్వం వాళ్ళు పోలీసులకు ఒక బడి కట్టించారు. లాఠీ తిప్పడం, తుపాకీ కాల్చడం నేర్పే బడి కాదది. అవన్నీ ఎప్పుడో నేర్చేసుకుని స్టేషన్లను ఏలుతున్న ఇన్‌స్పెక్టర్లకూ డీఎస్పీలకూ, ఎలా ఏలాలో నేర్పే బడి. కిందివాళ్ళ చేత పని చేయించుకోవడం ఒక పాఠం. పైవాళ్ళకు జవాబు చెప్పుకోవడం ఒక పాఠం. మొర పెట్టుకోవడానికి వచ్చిన జనాన్ని మనుషుల్లాగా చూడడం చిట్టచివరి పాఠం. ఆ చివరి పాఠానికి జనం కావాలి కదా మరి! అందుకని పక్క పల్లె నుంచి కూలీ ఇచ్చి, మధ్యాహ్నం భోజనం పెట్టి జనాన్ని పిలిపించేవాళ్ళు. వాళ్ళొచ్చి ఏదో ఒక కష్టం చెప్పుకోవాలి. ఆఫీసర్లు వినడం నేర్చుకోవాలి.

అలా పోయిన వాళ్ళలో గంగక్క ఒకతె.

కష్టం కల్పించుకోవలసిన అవసరం గంగక్కకు లేదు. తయారుగా ఉంది. ఆ పల్లెలో పది ఇళ్ళ గొర్రెలను కలిపి ఒకడే మేపడం ఆనవాయితీ. ఆ ఒకడు గంగక్క మరిది తిప్పయ్య. పొద్దున ప్రతి ఇంటి వాళ్ళూ దొడ్డి తలుపు తీస్తే చాలు, గొర్రెలు వీధిలోకొచ్చి తిప్పయ్య వెనక పడేవి. సాయంత్రం ఎవరి గొర్రెలు వాళ్ళ దొడ్లోకి అవే దూరేవి. నలభై ఏళ్ళు అలా సాగింది. పోయిన ఎండాకాలంలో ఒకనాడు, పట్టపగలు, గుట్ట అవతల మంద తోకలో ఉన్న పదకొండు గొర్రెలను ఎవరో బండిలో ఎక్కించుకుని పోయారు. అందులో ఏడు నారాయణప్పవి.

"పదకొండు గొర్రెలు బండెక్కుతాంటే ఒక్కటన్నా అరవదా? అరిస్తే ఈయప్పకు ఇనపడదా? అమ్ముకోని తిన్యాడు," అన్నాడు నారాయణప్ప టీ అంగడి ముందు నిలబడి, పదిమందీ వినేలా.

అంతే. మరుసటి రోజు నుంచి ఏ దొడ్డి తలుపూ తిప్పయ్య కోసం తెరుచుకోలేదు. ఆ మనిషి వీధిలో నడవడం మానేశాడు. ఎక్కడికి పోవాలన్నా ఇళ్ళ వెనక కంపల సందున పోయేవాడు. సంగటి ముద్ద సగం తిని చెయ్యి కడుక్కునేవాడు. ఎన్ని మాటలు చెప్పినా గంగక్క వైపు తల ఎత్తేవాడు కాదు. దొంగలెవరో ఎత్తుకుపోయారని పోలీసులు రాసుకుంటే గానీ ఈ నింద పోదని గంగక్కకు తోచింది. గొర్రెలు వస్తే వచ్చె, లేకుంటే లేదు. మరిది మళ్ళీ వీధిలో నడవాలి. ఆమెకు కావలసింది ఇదొక్కటే.

మొదట స్టేషన్‌కే పోయింది. ఆనంద్ అనే ఇన్‌స్పెక్టరు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"యాడ పోయినాయి?"

"గుట్ట అవతల సారూ."

"గుట్ట అవతల మాది కాదు. ఇంగో స్టేషన్ది. ఆడికి పో."

ఆ ఇంకో స్టేషన్‌కి పోతే, గొర్రెలు ఏ ఊరివైతే ఆ ఊరి స్టేషనే చూసుకోవాలన్నారు. ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగింది. ఐదోసారి పోదామనుకుంటుండగా ఈ బడి వాళ్ళు కూలీకి పిలిచారు.

ఏం చెప్పాలి ఆ మర్యాద! ఇంత పొడుగు ఆఫీసరు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. నీళ్ళిచ్చాడు. ఆమె ఏడిస్తే ఆగాడు, చెప్తే రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించి, సంతకం పెట్టి గులాబీ రంగు రసీదు చేతిలో పెట్టాడు. గంగక్క ఇంటికి పరిగెత్తినంత పని చేసింది.

"రాసుకున్యార్రా తిప్పయ్యా! ఇంగ నీకేం బయం ల్యా!"

నెల గడిచింది. ఏ పోలీసూ రాలేదు. బడి నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. గంగక్క దాన్ని వాయిదా అనుకుంది. ఆమెకు తెలిసిన సర్కారు పని అంటే ఆమె నాయన భూమి తగాదా ఒక్కటే. కోర్టులో పిలిచినప్పుడల్లా పోయి, చెప్పిందే మళ్ళీ చెప్పి రావడం. ఇదీ అంతే కాబోలు, కాకపోతే ఇక్కడ అన్నం కూడా పెడుతున్నారు, సర్కారు బాగుపడింది అనుకుంది. రెండో వాయిదాకు పోయింది, మూడోదానికి పోయింది. ఒక్క మాట తేడా లేకుండా అదే కథ చెప్పింది. "మా మరిది యాపమాను కింద సంగటి తింటా, మందను కండ్లతో చూస్తానే ఉన్న్యాడు సారూ. గుట్ట చాటు నుంచి వచ్చినారు దొంగనాయాళ్ళు," అనేది ప్రతిసారీ. ఐదో వాయిదా అయ్యాక ఓర్చుకోలేక డైరెక్టరు లక్ష్మీపతిని నిలేసింది.

"సారూ, తీర్పు ఎప్పుడిస్తారు?"

"ఏం తీర్పవ్వా?"

"నా గొర్రెల తీర్పు."

లక్ష్మీపతి మొదట నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. ఇది పాఠమని, ఆ రాసిన కాగితాలకు మార్కులు వేసి గదిలో పడేస్తారని, ఆ రసీదు ఏ స్టేషన్లోనూ చెల్లదని నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. గంగక్క మెట్ల మీద కూలబడింది. లక్ష్మీపతి చెడ్డవాడు కాదు, మెత్తని మనిషి. ఆమె బాధ చూడలేక తన చేతిలో ఉన్న మేలు చేశాడు. ఆ బడిని నడపడానికి ఒక పాలకమండలి ఉంది. అందులో స్థానికురాలైన ఆడమనిషి ఒకరు ఉండాలని నియమం. ఆ కుర్చీ రెండేళ్ళుగా ఖాళీ. గంగక్కను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. కేసు కట్టమని అడిగితే, కట్టేవాళ్ళకు పాఠాలు చెప్పే బడిని ఏలుకోమన్నారు!

సభ్యురాలైనా పాఠానికి పోవడం ఆమె మానలేదు. ఆమె అంత బాగా మొర పెట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరని ఆఫీసర్లలో పేరు పడిపోయింది. ఆరోసారి పోతే, ఎదురుగా కుర్చీలో ఆనంద్. ఆ స్టేషన్ ఆనందే. ఆయన గంగక్కను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే ముందు చూసి ఉండాలి కదా. లేచి నిలబడి కుర్చీ వేశాడు. కళ్ళలోకి చూస్తూ అంతా విన్నాడు.

"గుట్ట అవతల సారూ. ఆడ మీది కాదేమో?" అంది గంగక్క, కావాలనే.

"అట్లా అనుకోవద్దమ్మా! హద్దులతో నీకేం పని? ఏ స్టేషన్‌కి పోయినా ముందు జీరో నంబరు కింద కేసు కట్టల్ల. తర్వాత హద్దులు మేం మేం తేల్చుకుంటాం. పంపించేసేది తప్పు."

"శానా బాగా చెప్పినావు నాయనా," అంది గంగక్క.

ఆ బృందంలో ఆనంద్‌కే మొదటి స్థానం వచ్చింది. ఉత్తమ శ్రోత అని పతకం ప్రకటించారు. పాలకమండలి సమావేశం రోజున, స్థానిక సభ్యురాలి చేతుల మీదుగా ఆయన మెడలో వేయాలని లక్ష్మీపతి ఏర్పాటు చేశాడు.

సమావేశం పొద్దున్నే మొదలైంది. అధ్యక్షురాలు అరుణజ్యోతి, పదవీ విరమణ చేసిన పెద్ద ఆఫీసరు, రాజధాని నుంచి వచ్చారు. చుట్టూ తొమ్మిది కుర్చీలు. జీడిపప్పు, టీ. గేటుకు ఏ రంగు వేయాలన్నది గంటసేపు నడిచింది. నీలం కావాలని ముగ్గురు, పోలీసు బడికి ఎరుపే అందమని ఇద్దరు. పచ్చిక ఎండిపోతోంది, ఏం చేయాలి అన్నది ఇంకో అరగంట. వానే పడని చోట పచ్చిక ఎందుకు వేశారని గంగక్క అడిగితే, మంచి ప్రశ్న అని రాసుకుని పక్కన పెట్టారు. ఏడో అంశం దగ్గర గుమాస్తా వేలిముద్ర కోసం ఇంకు పెట్టె తెచ్చి ఆమె ముందు ఉంచాడు.

"ఏమని రాసిండారు సారూ?" అంది గంగక్క.

లక్ష్మీపతి చదివాడు. "ఈ ఏడాది ప్రజలు చేసిన నలభై రెండు ఫిర్యాదులనూ శిక్షణార్థులు స్వీకరించి, నూటికి నూరుపాళ్ళు ప్రజల సంతృప్తిని పొందడమైనది."

"అందులో ఆరు నావే. ఆరుసార్లు సంతృప్తి పడితినా నేను?"

"అది పాఠం కదవ్వా."

"పాఠం మీకు సారూ. పోయిన గొర్రెలు మాయి."

గంగక్క బొటనవేలు పిడికిట్లో మూసుకుంది. స్థానిక సభ్యురాలి ముద్ర లేనిదే ఆ అంశం చెల్లదు. అది చెల్లకపోతే వచ్చే ఏడాది పాఠాలకు మంజూరు రాదు. అరుణజ్యోతి కళ్ళజోడు తీసి, సంగతేమిటని అడిగారు. గంగక్క చెప్పింది. ఈసారి ఏడవలేదు.

"ఇంతమంది పోలీసులం ఉన్నాం, ఇప్పుడే ఎవరో ఒకరు ఆ ఫిర్యాదు తీసుకోండయ్యా," అన్నారు అరుణజ్యోతి.

కుర్చీలు కిర్రుమన్నాయి. సంస్థకు కేసు కట్టే అధికారం లేదన్నాడు లక్ష్మీపతి. తనది వైర్‌లెస్ విభాగమన్నాడు ఒకాయన. తను చట్టాలు బోధిస్తాడు గానీ వాడడన్నాడు ఇంకొకాయన. అరుణజ్యోతి తను రిటైరైన సంగతి గుర్తు తెచ్చుకున్నారు. అక్కడున్న వాళ్ళ సర్వీసంతా కూడితే రెండు వందల ఏళ్ళు దాటుతుంది. అందరూ కలిసి ఒక్క గొర్రెను రాసుకోలేకపోయారు.

"బయట ఒకాయన ఉండాడు గదా, మెడ చాపుకోని," అంది గంగక్క. "ఆయప్ప రాయగలడు. మా బాగా నేర్చినాడు. నేనే నేర్పిచ్చినా. కాకపోతే ఆయప్ప కుర్చీ ఈడ కాదు, స్టేషన్లో ఉండాది. ఆడ కూసోని రాయమనండి. రాస్తే పతకం ఏస్తా. ముద్రా ఏస్తా."

అరుణజ్యోతి గడియారం చూసుకున్నారు, ఇంకు పెట్టెను చూశారు, గంగక్క పిడికిలిని చూశారు.

"దీన్ని క్షేత్ర పరీక్ష అనొచ్చు," అన్నారు చివరికి.

ఆ మాట అందరికీ నచ్చింది. ఇన్నేళ్ళూ మనకు ఎందుకు తోచలేదన్నారు. చప్పట్లు కొట్టి ఆమోదించారు.

జీపులో ఆనంద్ పక్కనే కూర్చుంది గంగక్క. దారిలో తిప్పయ్యను ఎక్కించుకున్నారు. ఆనంద్ మొహం కందగడ్డలా ఉంది.

"అవ్వా, ముందే మా స్టేషన్‌కి వచ్చినావంట గదా. క్లాసులో ఒక్క మాట చెప్పొద్దా?"

"స్టేషన్లోనే చెప్తి గదా నాయనా."



స్టేషన్లో ఫిర్యాదులు రాసే రైటరు అలవాటుగా "యాడ పోయినాయి?" అని అందుకోబోతే, ఆనంద్ కళ్ళతోనే ఆపాడు. గుమ్మంలో అధ్యక్షురాలు, డైరెక్టరు. ఆనంద్ కుర్చీలో కూర్చుని పెన్ను తీశాడు. గంగక్క నోరు తెరవబోయింది.

"నువ్వు కాదవ్వా. చూసినాయప్ప చెప్పల్ల," అన్నాడు ఆనంద్. "తిప్పయ్యన్నా, ఏం జరిగిందో నువ్వు చెప్పు."

చూశారా, పదకొండు నెలల్లో ఆ మనిషిని ఆ మాట అడిగినవాడు లేడు. అమ్ముకున్నావా అని అడిగారు గానీ, ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. అయ్యో అన్నది గానీ, గంగక్క కూడా అడగలేదు. తిప్పయ్య తువ్వాలు చేతుల్లో నలిపాడు.

"నిద్రపోయినా సారూ."

"ఆఁ?"

"సంగటి తిని పండుకున్యా. ఎండ ఎక్కువుండె. లేసేతలికి దుమ్ము కనపడె. మంద ఇడిసిపెట్టి నిద్రపోయినా అని ఏ మొగం పెట్టుకోని చెప్పల్ల? వదినకూ చెప్పల్యా."

కండ్లతో చూస్తానే ఉన్న్యాడు అని ఆరు వాయిదాల్లో ఆరుగురు ఆఫీసర్లకు గంగక్కే ఒట్టు పెట్టి చెప్పింది. ఆ ఆరుగురికీ మంచి మార్కులే వచ్చాయి.

ఆనంద్ ఉన్నదున్నట్టు రాశాడు. ఇరవై నిమిషాల్లో నంబరు పడింది. గంగక్క పతకం వేసింది, ముద్ర వేసింది. అధ్యక్షురాలూ డైరెక్టరూ గేటు రంగు తేల్చడానికి వెనక్కి వెళ్ళిపోయారు.

సాయంత్రం టీ అంగడి ముందు, చదువుకున్న సుజాత ఆ కాగితాన్ని అందరికీ చదివి వినిపించింది. సుజాత గంగక్క కోడలు. గుర్తు తెలియని వ్యక్తులు ఎత్తుకుపోయారని, కాపరి ఆ సమయంలో నిద్రలో ఉన్నాడని ఉంది. అక్షరాల కింద రాజముద్ర. నలభై ఏళ్ళు తమ గొర్రెలను మేపిన తిప్పయ్యను నమ్మని ఊరు ఆ ముద్రను అరక్షణంలో నమ్మేసింది. నారాయణప్ప మాత్రం కోపంతో ఊగిపోయాడు.

"నిద్రపోతే నిద్రపోయినా అని అప్పుడే చెప్పేకేమిరా నీకు? నిద్రపోనోడు ఎవడుండాడు ఈ ఎండలకు? నేను పోనా? ఏడాది నుంచి నా చేత తప్పు మాట అనిపిస్తివి గదరా!"

"అనమని నేను చెప్పినానా అన్నా?" అన్నాడు తిప్పయ్య. చాలా రోజుల తర్వాత పదిమందిలో ఆయన గొంతు వినిపించింది.

మరుసటి పొద్దున నారాయణప్ప దొడ్డి తలుపు బారుగా తెరుచుకుంది. మిగిలిన గొర్రెలను తనే వీధిలోకి తోలుకొచ్చి, తిప్పయ్య చేతిలో పెద్ద ఫ్లాస్కు ఒకటి పెట్టాడు.

"టీ ఉండాది. సంగటి తిన్యాక తాగు. మళ్ళా పండుకున్యావంటే సూడు," అన్నాడు.

తిప్పయ్య ఫ్లాస్కు భుజాన తగిలించుకున్నాడు. ఇంకో రెండు దొడ్ల తలుపులు చప్పుడయ్యే దాకా అక్కడే నిలబడి, మందను ముందుకు అదిలించి, వీధి నడిమధ్యన నడుచుకుంటూ పోయాడు.