మనిషి అక్కర్లేని బాయిలర్

సౌదీలోని తబూక్‌లో చలికాలం వస్తే కుళాయి నీళ్లు వేళ్లను కొరుకుతాయి. ఎడారి అంటే ఎండే అనుకునే మా ఊరివాళ్లకు చెబితే నవ్వుతారు. అక్కడ మా యజమాని, కఫీల్ అబూ ఫహద్ కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లంతా వెచ్చగా ఉండాలంటే ఏ బాయిలర్ పెట్టాలో చెప్పమని నన్ను పిలిచాడు. జుబైల్ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ణని తెలిసే నన్ను ఇంటిపని వీసా మీద తెచ్చుకున్నాడు. ఆ వీసా మీదున్నవాడికి దేశం దాటే ఎగ్జిట్ కావాలంటే కఫీల్ తన ఫోన్‌లో నొక్కాలి. ఆ ఒక్క నొక్కు కోసం ఏడాదిగా బతిమాలుతున్నాను.

మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో నాకూ ఒక కొత్త ఇల్లుంది. రంగులు వేసి ఎనిమిది నెలలైనా తాళం తీయలేదు. గృహప్రవేశానికి ఆలుమగలిద్దరం పీటల మీద కూర్చోవాలి కదా, నేను రానిదే గడప దాటనని నా భార్య పుష్ప కిరాయి గదిలోనే ఉంటోంది. మాఘమాసంలో ముహూర్తం పెట్టించింది.

"డీజిల్, గ్యాస్, కరెంటు. ఏది మంచిది రాజేశం?" అన్నాడు కఫీల్.

నిజానికి అంత పెద్ద ఇంటికి డీజిలే సరైనది. కానీ దానికి మసి పడుతుంది, తరచూ విప్పి తుడవాలి. తుడిచేది ఎవరు? నేనే. గ్యాసైతే సిలిండర్లు మారుస్తూ, లీకులు చూసుకుంటూ కూర్చోవాలి. కూర్చునేది ఎవరు? మళ్లీ నేనే. కరెంటుదైతే స్విచ్ వేస్తే చాలు. బిల్లు వాచిపోతుంది, వాచనీ! పని విషయంలో ఎన్నడూ అబద్ధమాడనివాణ్ణి, ఆరోజు ఆయన మొహం చూస్తూ ఆడాను.

"కరెంటుదే పెట్టు బాబా. దానికి మనిషే అక్కర్లేదు. నేను పోయినా నడుస్తది."

"మనిషే అక్కర్లేదా?"

"ఒట్టు. మరి నన్ను ముహూర్తానికి పంపుతవా?"

"ఇన్షా అల్లా," అన్నాడు.

మూడు వారాల్లో పైపులు, రేడియేటర్లు బిగించాను. మొదటి సాయంత్రమే గదులన్నీ వెచ్చబడ్డాయి. కఫీల్ తల్లి రేడియేటర్ పక్కకు కుర్చీ జరుపుకుని, మోకాళ్లు నిమురుకుంటూ నన్ను దీవించింది. సిగ్గేసింది. అయినా గదికి పోయి సూట్‌కేసు దుమ్ము దులిపాను.

మర్నాడు ఎగ్జిట్ అడిగితే కఫీల్ తన చేత్తోనే ఖహ్వా కాఫీ పోసిచ్చాడు.

"మనిషి అక్కర్లేదన్నావు కదా, నాకూ నమ్మకం కుదరాలి. ఈ ఒక్క చలికాలం ఉండు. నువ్వు చెయ్యి పెట్టకుండా నడిస్తే నీ మాట నిజమే. అప్పుడు పోదువుగాని."

"నడవకపోతే?"

"నువ్వున్నావు కదా!" అని నవ్వాడు.

ఆ నవ్వులో మోసం లేదు. అందుకే నాకు ఇంకా మండింది. దుర్మార్గుడైతే మనసులోనైనా తిట్టుకుందును. బాయిలర్ చెడిపోతే బాగుచేయడానికి నేనుండాలి, చెడిపోకపోతే చెడిపోలేదని చూపడానికీ నేనే ఉండాలి. రోజూ పొద్దున్నే ఆ గదిలో స్టూలు వేసుకుని ప్రెషర్ ముల్లును చూస్తూ కూర్చునేవాణ్ణి. ముల్లు కదలదు, నేనూ కదలను. చేయడానికి పనేమీ లేదు, ఊపిరాడేది కాదు.

ఫోన్‌లో సంగతి చెబితే పుష్ప తన సంగతి చెప్పింది.

"గది ఖాళీ చెయ్యమంటుండు ఇంటాయన. ఆయన బిడ్డ వస్తదట. నేనేడికి పోవాలె?"

"మరెట్ల?"

"నీ తమ్ముడు, మరదలు శ్రీలత కూసుంటరట పీటల మీద. పంతులు గట్ల గూడ చెయ్యొచ్చన్నడు."

"కానియ్యి," అన్నాను. స్టూలును ఒక్క తన్ను తన్నాను. అది గోడకు తగిలి పడింది. మళ్లీ లేపి దాని మీదే కూర్చున్నాను.

ముహూర్తం నాడు వీడియోలో చూశాను. కొత్త బట్టల్లో నా తమ్ముడు, మరదలు శ్రీలత కొంగుముడితో నా గడప దాటారు. పంతులు పేర్లు అడిగితే వాళ్లవే చెప్పారు. పొయ్యి మీద పాలు పొంగాయి. అందరూ కనబడుతున్నారు, పుష్ప ఒక్కతే కనబడటం లేదు.

"నువ్వేడున్నవ్?" అని అడిగాను.

"తలుపు కాడున్న, ఫోన్ పట్టుకొని."

"లోపలికి పోవా?"

"పోత," అంది. "పూజ అయినంక పిలుస్తమన్నరు."