జాకీకి పెట్టిన బొట్టు

గ్రీష్మము తన ప్రతాపమునంతయు రోహిణీకార్తె చేతికప్పగించి తాను తొలగిపోయినట్లు ఆ దినమున సామర్లకోటపై ఉదయము పదిగంటలకే నిప్పులు చెరుగుచున్నట్టి యెండ కాయుచుండెను. కాలువగట్టు నిర్మానుష్యమై యుండెను. వేపకొమ్మలయందలి కాకులు నోళ్ళు తెరచుకొని అరచుటకు సైతము ఓపిక చాలక కూర్చుండెను. పెంకుటిండ్ల చూరుల క్రింది నీడలు బెదరిన పసిబిడ్డలవలె గోడలను కరచుకొని గడియగడియకును కుదించుకొనిపోవుచుండెను.

అట్టి వేళ మాణిక్యాంబ తన యింటి ప్రక్కనున్న రేకుల కొట్టము వాకిట ముక్కాలిపీటపై గూర్చుండి తమ్ముని పాదములవంక జూచుచుండెను. మోకాళ్ళు మొదలు శిరస్సువరకును గల తక్కిన దేహమంతయు కారు క్రింద నుండెను. ఆ కారును నేలనుండి యెత్తి నిలిపినది మూరెడైనను పొడవు లేని నూనెజాకీ యొక్కటియే.

ఆ తెల్లని చిన్నకారు ఆమె భర్త కేశవమూర్తిది. కాలువల శాఖలో గుమాస్తాగిరి వెలగబెట్టిన ఆయన ఆదివారము వచ్చినచో ఏ మెకానిక్కు గడపయు ద్రొక్కక తన చేతులతోనే దానిని విప్పి తుడిచి బిగించుకొనుచుండెడివాడు. రెండేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము కాఫీగ్లాసును అరుగుపై బెట్టి, చల్లారిన పిమ్మట త్రాగెదనని చెప్పి, ఆ కాఫీ చల్లారునంతలోనే ఆయన ప్రాణము విడిచెను. నాటినుండి కారు కొట్టము వీడలేదు. బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పు మాణిక్యాంబకు నాటినుండియే భయమను వ్యాధి పట్టుకొనెను. గ్యాసుబండ మరను మూడుమారులు తడిమి చూచుకొననిదే ఆమెకు నిద్ర రాదు. ఫోను మ్రోగినచో గుండె దడదడలాడును. తమ్ముడు భీమశంకరము బంధువులందరి యెదుటను ఆమెను ఆటపట్టించుచుండెను.

"మా అక్కకి భయం వెయ్యని రోజేదన్నా ఉంటే చెప్పండి, సెలవు పెట్టి మరీ వచ్చి చూస్తాను!"

తన భయమునకు పదిమందియు నవ్వుచుండగా తుదకామెయు నవ్వ నేర్చుకొనెను. అంతటినుండి తన భయమును తాను నమ్ముట మానుకొనెను.

బావగారి కారు తుప్పుపట్టి నశింపరాదని సంకల్పించుకొని భీమశంకరము ఆ వేసవిసెలవులలో పనిముట్ల పెట్టె దింపెను. పొగగొట్టమును పట్టియుంచు బోల్టులు తుప్పుతో బిగిసిపోయియున్నవి. ముందటి యెడమ చక్రమును విప్పి అడుగునకు దూరినగాని వానికి పానా అందదు. చక్రమును విప్పి దానిని గోడనీడకు జేర్చి తన చొక్కాను దానిపై తగిలించి అతడు అక్కగారి నడిగెను.

"బావ కారు కింద పెట్టే ఇనప స్టాండులు రెండుండాలి, ఏవక్కా?"

"పెరట్లో నీళ్ళ డ్రమ్ము కింద పెట్టేనురా."

"డ్రమ్ము నిండుగా ఉందా?"

"నిన్ననే పట్టేను. మళ్ళీ ఎల్లుండి గానీ కుళాయి రాదు. పారబొయ్యమంటావా?"

"ఎందుకూ, ముచ్చటగా మూడు బోల్టులు. ఇంత జాకీ ఉండగా దానికి మళ్ళీ స్టాండులా!"

డ్రమ్మెడు నీరు మిగిలినది గదా యని ఆమె లోలోపల సంతసించెను. ఆ సంతోషమే తరువాత ఆమెను చిరకాలము బాధించినది.

కేశవమూర్తి యిట్లు చేసియుండడు. స్టాండులు నిలిపిన పిమ్మట సయితము విప్పిన చక్రమును వెల్లకిల బరుండబెట్టి కారు అంచు క్రిందకు ద్రోసినగాని ఆయన నేలపై వీపు మోపెడివాడు కాడు. ఇదేమి చాదస్తమని ఒకనాడామె యడుగగా ఆయన నవ్వి, "నేను కిందున్నంతసేపూ ఇది నాకు తోడు పడుకుంటుంది మాణిక్యం. జాకీ ఉన్నది ఎత్తడానికి. మొయ్యడానికి కాదు" అని చెప్పెను. ఆ మాట నాడొక వేడుకమాటగా తోచినది.

కొట్టములో ఎండ ప్రవేశించెను. కారు క్రిందనుండి పానా గిర్రుమను చప్పుడును భీమశంకరము తుప్పును తిట్టు తిట్లును వినవచ్చుచుండెను. మాణిక్యాంబ చూపు ఊరక కారు ముందుభాగముపై నిలిచెను. దాని వెనుక వెల్లవేసిన గోడకు జానెడెత్తున ఎఱ్ఱని జేగురు పట్టె కొట్టియుండెను. ఇంతకుముందు చూచినప్పుడు బంపరు అడుగంచునకును ఆ పట్టెకును నడుమ నాలుగు వ్రేళ్ళ వెడల్పున తెల్లని సున్నము కనబడినట్లామెకు జ్ఞాపకము. ఇప్పుడు మూడు వ్రేళ్ళ వెడల్పు మాత్రమే యున్నది.

ఇది నిత్యమును తన్ను వేధించు భయమే కాబోలునని యొకమారు సమాధానపడెను. పీటపై తాను కదలుటచే అట్లు కనబడినదేమో యనుకొనెను. చూచువారి తల కదలినచో చూడబడు కొలతయు మారునని ఏటేట పిల్లలకు బోధించునది తానే గదా! ఆమె శిరస్సును కొట్టపుస్తంభమునకు గట్టిగా నానించి యొక కన్ను మూసి చూపు నిలిపి మెల్లగా లెక్కపెట్టసాగెను. ఇరువది. ముప్పది. స్తంభము నంటిన కణత క్రింద రక్తనాళము అంకెలకంటె వేగముగా గొట్టుకొనుచుండెను. నలుబది. ఏబది. అరువది యగునప్పటికి నడిమి సున్నము దారమంత సన్ననై మరల నొక యూపిరి పీల్చునంతలో అదియు మాయమయ్యెను. ఆమె తల కదలలేదు. కదలినది కారు.

చూపు క్రిందకు దింపగా జాకీ పాదమువద్ద ఎఱ్ఱని బొట్టొకటి నేలపై బడి యింకుచుండెను. తమ్ముని నెత్తురే యని యామె భ్రమించెను. ఇంకొక బొట్టు రాలెను. అది జాకీని దించుటకు విప్పు చిన్నమర యంచునుండి నూనెతో గలిసి కారుచుండెను. ఆ రంగును ఆమె యెరుగును. గడచిన దసరానాడు భర్త పనిముట్లను దింపి కడిగి వరుసగా బేర్చి ఆమెయే పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టెను. జాకీకి ఎక్కడ బెట్టవలయునో తెలియక, ముఖమువలె ముందుకు వచ్చియున్న ఆ మరకే ముద్దగా పూసి ముమ్మారు కన్నుల కద్దుకొనెను. ఆ ముద్ద యెండి మరచుట్లలో గట్టిపడగా, పూర్తిగా బిగియకయే ఆ మర తమ్ముని చేతికి బిగిసినట్లు తోచియుండవలెను.

"శంకరం" అని పిలిచెను. పానా చప్పుడులో ఆ పిలుపు మునిగిపోయెను.

"శంకరం! బయటికి రారా!"

"వచ్చేస్తన్నా. ఆఖరి బోల్టు, ఒక్క చుట్టు."

"జాకీ దిగిపోతోందిరా!"

"జారేది జాకీ కాదక్కా, నీ గుండె. కాసిని మజ్జిగ తాగి కూర్చో."

పానా గట్టిగా పట్టి అతడొక్క లాగు లాగెను. కారు ఆపాదమస్తకము వణకెను. మాణిక్యాంబకిక పిలుచుట వ్యర్థమని తోచెను. రెండేండ్లుగా ప్రతిదానికిని బెదరిన కంఠము అది. దానిని వాడేల నమ్మును?

ఆమె లేచి గోడకడకు బరుగెత్తెను. చక్రముపైని చొక్కాను విసరివైచి దానిని దొర్లించుకొని వచ్చి, కారు అంచుకడ దబ్బున బడవైచి రెండుచేతులతోను లోపలకు ద్రోసెను. సగము దూరి చక్రము నిలిచిపోయెను. అప్పటికే అంత క్రిందకు దిగియుండెను ఆ కారు. కాలుచున్న నేలపై జతికిలబడి కొట్టపుస్తంభమునకు వీపానించి రెండు మడమలను టైరుకు దన్నిపెట్టి, తన జన్మలో ఏ పనికిని వినియోగింపని బలమునంతయు దెచ్చికొని యామె త్రోసెను. చీర చిరిగెను. మడమల చర్మము లేచెను. చక్రము కరకరమని నేలను దోకుకొనుచు అంచు క్రిందకు బోయెను.

అంతలో భీమశంకరము మరియొక లాగు లాగెను. మర జారెను. జాకీ సుయ్యిమని నిట్టూర్చి యొక్కసారిగా కూలబడెను. ధన్మని కొట్టము రేకులన్నియు మార్మ్రోగునట్లు కారు క్రిందబడెను.

పిదప చప్పుడు లేదు. తిట్లు లేవు. పాదములు కదలలేదు. వేపకొమ్మపైని కాకి యొకటి రెక్కలల్లార్చి మరల గూర్చుండెను. ఆ నిశ్శబ్దము మాణిక్యాంబకు తెలియనిది కాదు. రెండేండ్ల క్రిందట అరుగుపై కాఫీ చల్లారుచుండగా ఆమె విన్నదదియే.

"అక్కా."

ఆ పిలుపు బావిలోనుండి వచ్చినట్లుండెను.

"ఉన్నావా?" అని మాత్రమే యామె యడుగగలిగెను.

"ఉన్నా. ముక్కుకి బెత్తెడు పైన ఉంది. ఇది దేనిమీద ఆగిందే అక్కా?"

"చక్రం మీద. ఊపకు. తల పక్కకి తిప్పి కాళ్ళవేపు నెమ్మదిగా జారు. తొందరలేదు, నేనున్నాను."

అట్టి స్థిరమైన కంఠము ఆమెకే క్రొత్త. భీమశంకరము బొమికెలు లేనివానివలె నేలకంటుకొని అంగుళమంగుళముగా వెలికి వచ్చెను. ఎదురురొమ్ముపై బనియను చినిగి యొక పొడవైన గీత పడియుండెను. అంతకుమించిన గాయము లేదు. అక్క యందిచ్చిన మంచినీళ్ళ చెంబెత్తి నీళ్ళన్నియు త్రాగెను. చాలసేపటికి లేచి వంగి జాకీమరను గోటితో గీకి చూచెను. గోటిలో పచ్చగాను ఎఱ్ఱగాను ముద్ద యొకటి చిక్కెను.

"ఇదేంటక్కా, పసుపా?"

"దసరాకి నేనే పెట్టేనురా. మీ బావ పిడికి పెట్టేవారు. ఈ మరకి పెట్టేవారు కాదు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు."

భీమశంకరము నవ్వబోయి ఆమె ముఖము చూచి మానెను.

"అన్నిటికీ అంతేసి ముద్దలెందుకు పెట్టేవక్కా?"

మాణిక్యాంబ చేతులకంటిన మట్టిని చిరిగిన కొంగుతో దుడుచుకొనుచు నేలచూపులు చూచుచు జెప్పెను.

"బరిణె నిండా కుంకవ అలాగే ఉండిపోయిందిరా, ఏం చేసుకోను?"

అటుపిమ్మట భీమశంకరము ఆమె భయమును గూర్చి యెన్నడును వేడుకలాడలేదు.

కొంత తడవునకు ఆమె లేచి పెరటిలోనికి బోయి డ్రమ్మును పట్టి వంచెను. రెండుదినములకని దాచుకొన్న నీరు పెరడెల్ల నిండి కొట్టము వాకిటివరకు బాఱెను. తమ్ముడు వచ్చి ఆ యినుపస్టాండులను రెండింటిని దెచ్చెను. జాకీమరను కిరసనాయిలుతో గడిగినప్పుడు సన్నని ఎఱ్ఱని తీగయొకటి నీటిపై తేలి మెలికలు తిరిగి నేలలో గలిసిపోయెను. ఆమె దానిని కడదాక చూచెను. బిగించిన మరను తాను మరల నొకమారు బిగించి చూచెను. స్టాండులపై కారు నిలిచిన పిమ్మట భీమశంకరము చక్రమును లాగివేయబోవగా ఆమె చేయడ్డము పెట్టెను.

"ఉండనీ. నువ్వు కిందున్నంతసేపూ తోడుంటుంది."

గతించినవారి వస్తువులకు బసుపు పూసి కన్నులకద్దుకొనుట కంటనీరు గలవారెల్లరును జేయగలిగినదే. వారు చేతులాడించిన తీరును కనిపెట్టి దానిని దప్పక నడపుట మాత్రము కష్టతరము. అందులో పూజకంటె నెక్కువ జ్ఞాపకము గావలయును. నాటి మిట్టమధ్యాహ్నమున పెరటిలోని నీరెల్ల ఆవిరియై పోయెను. మాణిక్యాంబ మాత్రము కొట్టపు స్తంభమునకు దలయానించి యొక కన్ను మూసి జేగురు పట్టెకును బంపరునకును నడుమ నిలకడగా నున్న నాలుగు వ్రేళ్ళ వెడల్పు గల తెల్లదనమును, తమ్ముడు పని ముగించి వెలికి వచ్చువరకును, చూచుచునే యుండెను.