ఆయన నంబరు

“చిన్న పనేగా, కుక్కర్ దిగేలోపు చేసేయి” అంటూ భర్త ఒక అట్టపెట్టె తెచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు.

చిన్న పని అంటే ఆ ఇంట్లో ఆమె చేసే పని అని అర్థం. అత్తగారికి వేళకు మందులివ్వడం చిన్న పని, కరెంటు బిల్లు తప్పొస్తే ఆఫీసు చుట్టూ తిరగడం చిన్న పని, పిల్లదాని లెక్కలు చిన్న పని. పెద్ద పనులన్నీ అతనివి. అవేమిటో పదకొండేళ్ల కాపురంలో ఆమెకింకా తెలిసి రాలేదు.

పెట్టెలో రెండు కొత్త డిజిటల్ రేడియోలున్నాయి. చేతిలో పట్టేంత ఉంటాయి, రెండు బ్యాండ్ల మీదా పనిచేస్తాయి. కానీ స్విచ్చు వేయగానే మాట్లాడే రకం కాదు. కొండ మీదుండి మాటను అందుకుని దూరానికి పంపే రిపీటర్లు ఆ చుట్టుపక్కల తొమ్మిదున్నాయి. ఒక్కోదానికీ వినే ఫ్రీక్వెన్సీ వేరు, పంపే ఫ్రీక్వెన్సీ వేరు, కలర్ కోడ్ వేరు, టైమ్ స్లాట్ వేరు. అవన్నీ కంప్యూటర్లో ఒక ఫైలుగా రాసి, తీగ పెట్టి రేడియోలోకి ఎక్కించాలి. ఒక్క అంకె తప్పితే ఉలకదు, పలకదు. కుక్కర్ దిగేలోపు అన్న పనికి పన్నెండు సాయంత్రాలు పట్టింది. బీమా ఆఫీసు నుంచి ఐదున్నరకు రావడం, ఒక చేత్తో కూరగాయలు తరుగుతూ ఇంకో చేత్తో మౌస్ తిప్పడం. నాలుగో రోజు రెండో బ్యాండంతా మూగబోయింది. తప్పెక్కడుందో దొరక్క ఏడుపొచ్చినంత పనయింది. ఐదో రోజు చూస్తే ఒక స్లాట్ తారుమారైంది, అంతే. ఆ రోజు పాలు పొంగిపోయాయని అత్తగారు పొద్దుపోయేదాకా సాధించారు. స్లాట్ దొరికిందని చెప్పుకోవడానికి మాత్రం ఇంట్లో ఎవరూ లేరు.

ఆమెకేమీ ఇది కొత్త విద్య కాదు. హామ్ రేడియో లైసెన్సు పరీక్ష ఇద్దరూ ఒకే రోజు రాశారు. ఆమె మొదటిసారే గట్టెక్కింది, అతను రెండోసారి. చుట్టాలందరికీ “ఇద్దరం పాసయ్యాం” అని ఒకే మాటలో చెప్పేశాడు. లైసెన్సుతో పాటు ఒక్కొక్కరికీ ఇచ్చే రేడియో గుర్తు, కాల్‌సైన్, ఆమెకూ సొంతంగా ఉంది. డిజిటల్ రేడియోలో వేసుకోవడానికి సొంత నంబరు కూడా ఎనిమిది నెలల కిందటే వచ్చింది. మనిషి మాట్లాడినప్పుడు మాటతో పాటు ఆ నంబరు కూడా వెళ్తుంది. అవతలివాళ్ల రేడియో తెర మీద ఆ నంబరు ఎవరిదో వాళ్ల పేరు కనిపిస్తుంది.

“ఏవండీ, రెండో రేడియోలో నా నంబరు వేస్తాను” అంది ఫైలు పూర్తయిన రోజు.

“ఇంట్లో పడుండే రేడియోకి వేరే నంబరెందుకు? ఒక ఇంటికి రెండు నేమ్‌ప్లేట్లా? నాదే ఉంచు” అని నవ్వాడు. పక్క గదిలోంచి అత్తగారు కూడా నవ్వారు.

రూల్సు ప్రకారం అది తప్పని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు. చెబితే మాటా మాటా పెరుగుతుందని ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు ఆ తర్వాత తన మీద తనకే ఒళ్లు మండింది. మొదటిసారి ధైర్యం చేసి బటన్ నొక్కి పలకరిస్తే, అవతలి నుంచి ఎవరో “ఏంటి సార్, గొంతు మారింది, జలుబా?” అన్నారు. ఇంకో ఇద్దరు పగలబడి నవ్వారు. మళ్లీ ఆమె ఆ బటన్ జోలికి పోలేదు. ఆఫీసులోనూ అంతేగా, ఆమె తయారుచేసిన రిపోర్టుల కింద మేనేజరు సంతకం ఉంటుంది. కాకపోతే ఆఫీసులో జీతమైనా ఇస్తారు.

ఇంతలో వాళ్ల రేడియో క్లబ్బుకి ఒక పని వచ్చింది. ఆదివారం జరిగే సైకిల్ పందేనికి దారి పొడుగునా పన్నెండు చోట్ల మనుషులు రేడియోలతో నిలబడాలి. “నేను కూర్చుని రాసిన ఫైలుంది, అందరికీ ఇస్తాను” అని మీటింగులో అతను హామీ ఇచ్చి వచ్చాడు. ఆమె ఫైలుని మళ్లీ సరిచూసి, ఎవరు మాట్లాడినా తెర మీద పేరు పడేలా క్లబ్బులో అందరి నంబర్లూ పేర్లూ జాబితాగా ఎక్కించి, పనిలో పనిగా తన నంబరూ పేరూ కూడా చేర్చింది. దాంతో పాటు అందరికీ ఇమ్మని అరపేజీ కాగితం రాసి భర్త చేతికిచ్చింది. ‘ఈ ఫైలులో సొంత నంబరు చోట ఉన్న మావారి నంబరు తీసేసి ఎవరి నంబరు వాళ్లు వేసుకోండి. ఆ తర్వాతే రేడియోలోకి ఎక్కించండి.’ కింద తన కాల్‌సైన్ పెట్టింది.

ఆదివారం ఉదయం గిన్నెలు తోముతూ, ఇంట్లో రేడియో పెట్టుకుని వింటోంది. పందెం మొదలైన అరగంటకి ఒక గొంతు కంగారుగా పలికింది.

“మంచినీళ్లు అయిపోయాయండీ, త్వరగా పంపండి!”

ఎక్కడికో చెప్పలేదు. తెర మీద పేరు పడుతుందిలే అనుకున్నట్టున్నాడు. పడింది కూడా, ఆమె భర్త పేరు. అతనేమో పందెం ముగిసే చోట, నీళ్ల డబ్బాల పక్కనే ఉన్నాడు. ఆమె గబగబా చేతులు తుడుచుకుని రేడియో దగ్గరకొచ్చింది. రెండో గొంతు వచ్చింది, అదే పేరు. మూడోదీ అంతే. ఆ కాగితం ఎవరికీ చేరలేదని అర్థమైంది. ఎందుకు చేరలేదో కూడా అర్థమైంది. దాని కింద ఉన్నది ఆమె కాల్‌సైన్.

అందరినీ నడిపించే క్లబ్బు పెద్ద, రిటైరైన సైన్సు మాస్టారు, నీళ్ల బండిని ముగింపు దగ్గరికి పంపేశారు.

“నేను అడగలేదండీ!” అన్నాడు భర్త.

“నేను అడిగాను సార్!” అన్నాడు భర్త పేరుతో ఇంకెవరో.

అత్తగారు వచ్చి తెరకేసి తొంగిచూశారు. “ఇదేంటే, మావాడు ఇన్ని గొంతులు ఎప్పుడు నేర్చాడు?”

ఆమెకు నవ్వాగలేదు. అంతలో మాస్టారి గొంతు వినిపించింది. “ఏమయ్యా, ఈ ఫైలు నువ్వేగా రాశావు?”

భర్త వెంటనే అందుకున్నాడు.

“నేను కాదండీ మాస్టారూ, మా ఆవిడ. తనకేం తెలుసు, ఎక్కడో పొరపాటు చేసుంటుంది. ఇంటికెళ్లి నేను చెప్తాలెండి.”

పన్నెండు సాయంత్రాల పని తప్పయిన నిమిషంలో ఆమెదైపోయింది. ఇన్నాళ్లూ తను మాట్లాడకుండా కాపాడింది ఎవరి పరువునో ఆలోచిస్తే కోపం ముంచుకొచ్చింది.

“గిన్నెలు అలాగే ఉన్నాయి” అన్నారు అత్తగారు.

“ఉండనీయండి అత్తయ్యా.”

కంప్యూటర్ తెరిచింది. తీగ పెట్టింది. అతని నంబరు చెరిపి, తన నంబరు ఒక్కో అంకె చూసుకుంటూ కొట్టి, రేడియోలోకి ఎక్కించింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇది మాత్రం నిజంగానే చిన్న పని. చానెల్ ఖాళీ అయ్యేదాకా ఆగి బటన్ నొక్కింది.

“మాస్టారూ, తెర మీద కనిపిస్తున్న పేరు నాదే. అన్ని రేడియోల్లోనూ ఒకే నంబరుంది, అందుకే ఈ గందరగోళం. అందరూ ముందు ఎక్కడున్నారో చెప్పి, తర్వాత విషయం చెప్పండి. ఇవాళ్టికి అది చాలు. ఎవరి నంబరు వాళ్లు మార్చుకోమని నేను కాగితం రాసిచ్చాను. అది మీకెందుకు చేరలేదో మా ఆయన్నడగండి.”

అవతల అతను తన బటన్ నొక్కుతూనే ఉంటాడని ఆమెకు తెలుసు. ఆమె వేలు బటన్ మీద ఉన్నంతసేపూ అతని మాట ఎవరికీ చేరదు. తొందరపడకుండా ఊపిరి తీసుకుంది.

“ఆ ఫైలు నాది. ఇకమీదట దాని గురించి ఏం కావాలన్నా నన్నే అడగండి” అని చెప్పి, అప్పుడు వేలు తీసింది.