వెనక్కిచ్చిన చీర

సుజన చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లు ఆమెను ఏదో ఒకటి అనకుండా ఉండరు. ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటులో కాపురం, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం. మొగుడు సాయినాథ్ నెమ్మదస్థుడు, ఏం వండిపెడితే అది తింటాడు.

ఆ ఏడాది ఎండలకు తరగతిలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. సుజన ఆ పిల్లను ఒళ్లో వేసుకుని మొహం మీద నీళ్లు చల్లింది. భూమి వేడెక్కుతోందని రోజూ బోర్డు మీద రాస్తున్నాను సరే, నా ఇంట్లో నేనేం చేస్తున్నానని ఆలోచనలో పడింది. ఆ ఆలోచన ఇక ఆమెను వదల్లేదు.

వదల్లేదంటే అంతా ఇంతా కాదు. ముందు ఏసీ తగ్గించింది, ఆ తర్వాత అసలు కట్టేసింది. గీజరు పీకించింది. స్కూటీ పక్కన పెట్టి మెట్రో ఎక్కింది. మటన్ కొట్టుకు స్టీలు డబ్బా పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. కూరగాయల తొక్కలన్నీ మేడ మీద డ్రమ్ములో వేసి ఎరువు చేసింది. సాయినాథ్ ఆఫీసు నుంచి వచ్చి, చెమట తుడుచుకుంటూ, జర ఏసీ వేద్దామా అనబోయి, పెళ్లాం మొహం చూసి ఆ మాటను నీళ్లతో పాటు మింగేసేవాడు. చివరికి, ఏడాది పాటు కొత్త బట్ట ముట్టనని ఒట్టు పెట్టుకుంది. ఒక్క చీర తయారు కావడానికి ఎన్ని నీళ్లు పోతాయో, ఎంత బొగ్గు కాలుతుందో ఆమె చెబుతుంటే అపార్ట్‌మెంటు ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు. సంఘం అధ్యక్షుడు వెంకట్రావు గారు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, లిఫ్టు దగ్గర ఎదురుపడినప్పుడల్లా ఆమెను మెచ్చుకునేవాడు. మెచ్చుకుంటే ఎవరికి మాత్రం చేదు! సుజనకూ ఆ రుచి తగిలింది.

అదిగో, సరిగ్గా అప్పుడే ఒడిబియ్యం ఏడు వచ్చింది.

పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, రవికె బట్ట ఒడిలో పోస్తారు. నీకు మేమున్నామని నోటితో అనకుండా చెప్పే పద్ధతి అది. సుజనకు తల్లీ తండ్రీ లేరు. ఉన్నదల్లా అన్న ఉపేంద్ర. బాటసింగారం పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాడు. నల్లగొండ పల్లెలో తల్లి పోయినప్పుడు సుజన ఇంకా చిన్నపిల్ల. బడికి పంపడానికి చెల్లెలికి జడ వేయడం కూడా అతనే నేర్చుకున్నాడు. ఆమెను పట్నం తెచ్చి చదివించిందీ అతనే, పెళ్లి చేసిందీ అతనే.

సుజన ముందే ఫోను చేసింది. చీర తేవద్దు, ఉన్న చీర మీదే పోయండి, ఊరికే డీజిలు కాల్చుకుంటూ ట్రాలీలో రావద్దు, బస్సులో రండి అని చెప్పింది. చీర లేకుండా ఒడిబియ్యమేమిటని అన్న పకపకా నవ్వాడు. చెల్లెలు తనకు ఖర్చు తగలకూడదని మొహమాటపడుతోందని అనుకున్నాడు పాపం.

ఆదివారం పొద్దున ఉపేంద్ర, వదిన యాదలక్ష్మి వచ్చారు. ట్రాలీలోనే వచ్చారు. బత్తాయిల బుట్ట, బియ్యం మూట దింపుకుని పైకి వచ్చేసరికి హాలు నిండా జనం. చెత్త లేకుండా శుభకార్యం ఎలా చేయొచ్చో చూపిస్తానని సుజన అపార్ట్‌మెంటు వాళ్లందరినీ పిలిచింది. విస్తరాకులు, స్టీలు గ్లాసులు, ఎక్కడా ఒక్క ప్లాస్టిక్ కవరు లేదు. ఎవరో ఫోన్లో వీడియో కూడా తీస్తున్నారు. మార్కెట్ నుంచి నేరుగా వచ్చిన ఉపేంద్ర చొక్కా సర్దుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

సుజన, సాయినాథ్ పీటల మీద కూర్చున్నారు. యాదలక్ష్మి పళ్లెంలో గోరింటాకు రంగు చీర పెట్టి అందించింది. దాని కోసం ఆమె దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలన్నీ ఒక మధ్యాహ్నమంతా తిరిగిందని తర్వాత ఎప్పుడో తెలిసింది. సుజన పళ్లెం అందుకుంది. లోపలికి వెళ్లి కట్టుకుని రావాలి కదా? సుజన మాత్రం లేచి జనం వైపు తిరిగింది.

"ఈ ఏడాది కొత్త బట్ట ముట్టనని అనుకున్న. మా అన్న తెచ్చిందైనా సరే, మాట మాటే. ఈ చీర వెనక్కిస్తున్న."

వెంకట్రావు గారు చప్పట్లు కొట్టాడు. "శభాష్ అమ్మా! చెప్పడం కాదండీ, చేసి చూపించడమంటే ఇదీ," అన్నాడు. అందరూ కొట్టారు. ఆ చప్పట్ల మధ్య పళ్లెం మళ్లీ ఉపేంద్ర చేతికి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అతను కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. యాదలక్ష్మి చీర తీసి సంచిలో పెట్టేసింది. ఆ తర్వాత అన్న ఆమె కట్టుకున్న పాత చీర కొంగులోనే బియ్యం పోశాడు. సుజన వీడియో తీస్తున్న ఫోను వైపు చూస్తూ నవ్వుతోంది. అన్న మొహం ఎలా ఉందో చూడనే లేదు.

మార్కెట్‌లో లోడు ఉందని చెప్పి ఉపేంద్ర తినకుండానే దిగిపోయాడు. యాదలక్ష్మి మాత్రం గుమ్మం దగ్గర ఆగింది.

"కొత్తదే గానీ, నువ్వు కొన్నది కాదు గద సుజనా," అంది.

అప్పుడైనా సుజన నోరు మూసుకుందా? చీరకు ఎన్ని నీళ్లు ఖర్చవుతాయో వదినను గుమ్మంలోనే నిలబెట్టి వివరంగా చెప్పింది.

రాఖీకి బాటసింగారం వెళ్లింది. అన్న చెయ్యి చాపాడు, కట్టించుకున్నాడు, మిఠాయి తినిపించాడు. ప్రతి ఏడూ చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు. ఈసారి, నువ్వు తీసుకోవు గదా అని ఊరుకున్నాడు. బతుకమ్మకు ఎప్పుడూ తనే వచ్చి తీసుకెళ్లేవాడు. ఈసారి రాలేదు. రోడ్డు మీద ట్రాలీ చప్పుడు వినిపించినప్పుడల్లా సుజన బాల్కనీలోకి పరుగెత్తేది. నువ్వే వెళ్లొచ్చు కదా అని సాయినాథ్ అంటే, పిలవకుండా ఎట్ల పోతనని మండిపడింది. కరెంటు బిల్లు తగ్గింది, ఇంటికి వచ్చే మనుషులూ తగ్గారు.

ఒట్టు గడువు తీరాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీర కొనుక్కుంది. అద్దం ముందు కట్టుకుంటూ కుచ్చిళ్లు పట్టుకుని ఏడ్చింది. ఏసీ మానడం తప్పు కాదు, మెట్రో ఎక్కడం తప్పు కాదు, ఒట్టు కూడా తప్పు కాదు. కానీ ఒట్టు పెట్టుకున్నది తను. దాని శిక్ష పడింది పెట్టే చేతికి. పైగా పదిమందిలో. తల్లి లేని లోటు తెలియకుండా పెంచినవాణ్ని పరాయివాళ్ల చప్పట్ల కోసం చిన్నబుచ్చానే అని ఆమె ఎంత కుమిలిందో సాయినాథ్‌కు తెలుసు.

మళ్లీ మూడో ఏడు వచ్చింది. ముహూర్తాల నెలలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. అన్న నుంచి కబురు లేదు. ఆడబిడ్డ తనంతట తాను ఒడిబియ్యం అడగకూడదు. అడిగి తెచ్చుకున్నది పుట్టింటి ప్రేమ ఎలా అవుతుంది? అయినా సుజన ఉండలేక బస్సెక్కింది.

మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు. వదిన చాయ్ ఇచ్చింది, సాయినాథ్ బాగున్నాడా అని అడిగింది. ఉపేంద్ర కాళ్లు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సుజన అన్న చేతులు పట్టుకుని, తప్పయింది, నలుగురిలో నిన్ను చిన్నబుచ్చిన అని బావురుమంది. అతను ఆమె తల నిమిరాడు. అవన్నీ పట్టించుకోవద్దని, ఆమె చెప్పినవి మంచి మాటలేనని, తమ ఇంట్లో కూడా ప్లాస్టిక్ కవర్లు బంద్ చేశామని, బ్యాటరీ ట్రాలీ ఎట్లుంటదో అడిగి చూస్తున్నానని చెప్పాడు. ఆ మాటలు వింటుంటే ఆమెకు ఇంకా ఏడుపు వచ్చింది.

చివరికి సిగ్గు విడిచి అడిగేసింది.

"మూడో ఏడు అయిపోతున్నది అన్నా. నాకు ఒడిబియ్యం పొయ్యవా?"

ఉపేంద్ర చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"అడిగి పోయించుకునేది కాదు సుజనా అది. నేనే రావాలె," అన్నాడు. "ఎన్నోసార్లు బయలెల్లిన. రాబుద్ది అయితలేదు."

ఆ మాటలో కోపం ఏ కాస్త ఉన్నా సుజన బతిమాలుకునేది. అన్న మొహంలో వెతికింది. కోపం లేదు.