పన్నెండు గంటల విశ్రాంతి

ఆ శనివారం ఉదయం ఏడున్నరకి ఐలీ లాహ్తి సంతకం పెట్టిన కాగితంలో ఒక్కటే అబద్ధం. "గత పన్నెండు గంటలు విశ్రాంతిగా గడిపారా?" అన్న ప్రశ్న పక్కన టిక్కు పెట్టి, కాగితాన్ని బల్ల మీద తోసేసి, హెల్మెట్ తెచ్చుకోవడానికి వెళ్లింది.

ఆ పన్నెండు గంటల్లో మూడు గంటలు ఆమె స్టెంకో వాళ్ల పాడి కొట్టంలో ఒక ఆవు వెనకాల నిలబడి ఉంది. గర్భసంచి మెలిపడిన ఆవు. సీనియర్ డాక్టరు వెర్న్‌కి నడుము పట్టేసింది. చుట్టుపక్కల అరవై మైళ్లలో మరో పశువుల డాక్టరు లేడు. ఫోన్ తీయకుండా ఉండాల్సింది. తీసింది. దూడ బతికింది, ఆవు బతికింది. ఐలీ భుజాల దాకా సబ్బుతో కడుక్కుని, రెండు గంటలు కన్ను మూసి, అక్కడి నుంచి నేరుగా స్థావరానికి వచ్చేసింది.

సూపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ స్థావరంలో యుద్ధ విమానాలు నడిపేవాళ్లలో సగానికి పైగా ఇలాంటివాళ్లే. వారమంతా ఎవరి పని వాళ్లది. ఒకరు ప్రయాణికుల విమానం నడుపుతారు, ఒకరు బడిలో లెక్కలు చెబుతారు, ఒకరికి కలప వ్యాపారం. నెలలో ఒక శని, ఆదివారాలు, మధ్యలో వీలు చిక్కినప్పుడు మరో ఆరేడు పూటలు యూనిఫారం వేసుకుంటారు. దేశం పిలిస్తే మాత్రం వారం, వర్జ్యం ఉండవు.

ఐలీ ఇక్కడికి పంతొమ్మిదేళ్లప్పుడు మెకానిక్‌గా వచ్చింది. చదువుకి ఫీజు కడతామన్నారు, చేరింది. అందరూ చీఫ్ అని పిలిచే డ్యువేన్ కొపెక్కి అనే మొరటు సార్జెంటు చేతి కింద ఎనిమిదేళ్లు విమానాలకి నూనె మార్చింది, టైర్లు మార్చింది, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే మరలు బిగించింది. పైలట్ నిచ్చెన ఎక్కి కూర్చున్నాక అతని పట్టీలు బిగించి, నిచ్చెన తీసేసి, పక్కకి తప్పుకుని సెల్యూట్ కొట్టేది. విమానం కనుమరుగయ్యేదాకా చూస్తుంటే కొపెక్కి వెనక నుంచి అరిచేవాడు. "ఏం తల్లీ, కళ్లతో తోస్తున్నావా దాన్ని? ఆ చీపురందుకో."

ఇక్కడ పైలట్లని పై నుంచి ఎవరూ పంపరు. దళంలో ఉన్నవాళ్లే కూర్చుని తమలోకి ఎవర్ని తీసుకోవాలో తేల్చుకుంటారు. ఇరవై ఏళ్లు కలిసి ఎగరాల్సిన మనిషి కాబట్టి మార్కులతో పాటు మనిషినీ చూస్తారు. ఐలీ మూడుసార్లు ఆ బల్ల ముందు కూర్చుంది. మొదటిసారి బిగుసుకుపోయింది. రెండోసారి ఒక సీటుకి నలభై మంది వచ్చారు. మూడోసారికి పశువైద్యం పట్టా కూడా చేతికొచ్చింది. "అంత చదువు చదివి మళ్లీ ఇదెందుకు?" అని అడిగారు. "ఎనిమిదేళ్ల నుంచి మీ సీట్ల మీద మీరు పోసిన కాఫీ తుడుస్తున్నాను. ఒక్కసారి నేనూ పోసి చూద్దామని," అంది. బల్ల చుట్టూ ఉన్న తొమ్మిది మందీ నవ్వారు. ఆ సాయంత్రమే కబురొచ్చింది.

రెండున్నరేళ్లు దక్షిణాది ఎండల్లో శిక్షణ అయ్యాక కెప్టెన్‌గా తిరిగొచ్చిన రోజు, నిచ్చెన పక్కన నిలబడి మొదటి సెల్యూట్ కొట్టింది కొపెక్కే. కొట్టి, గొంతు తగ్గించి, "డాక్టరమ్మా, నా విమానాన్ని గీరావంటే నీ చేతే రంగు వేయిస్తా," అన్నాడు.

అది జరిగి రెండేళ్లయింది. ఈ జనవరిలో ఐదు వారాలుగా ఆమె గాల్లోకి లేవలేదు. రెండుసార్లు మంచు అడ్డుపడింది, ఒకసారి విమానం మరమ్మతు, ఒకసారి పశువుల్లో రోగం. పైలట్‌కి ఇది ఇనుముకి తుప్పులాంటిది. ఈ శనివారం కూడా ఎగరకపోతే అర్హత పోతుంది, మళ్లీ పరీక్షలు పెడతారు. అందుకే ఆ టిక్కు.

నిచ్చెన దగ్గర పట్టీలు బిగిస్తూ కొపెక్కి ఆమె కళ్లలోకి చూశాడు.

"నిద్రపోయావా?"

"పోయాను చీఫ్."

"కళ్లు చూస్తే మిరపకాయల్లా ఉన్నాయి."

"చలికి."

అతను ఆమె భుజం మీద ఒక చరుపు చరిచి కిందికి దిగిపోయాడు.

*

ముందు విమానంలో మేజర్ డెస్మండ్ టోర్గర్సన్. వారమంతా ప్రయాణికుల విమానం నడిపే కెప్టెన్, మాటలో తొణకడు, బెణకడు. వెనక విమానంలో ఐలీ. గంటసేపు సరస్సు మీద ఒకరినొకరు తరుముకోవడం, తరవాత ఇంధనం మోసుకొచ్చే పెద్ద విమానాన్ని కలిసి గాల్లోనే నింపుకోవడం, మళ్లీ ఇంకో గంట. పథకం అది.

తరమడం బాగానే జరిగింది. ఒంట్లో భారమంతా దిగిపోయినట్టే అనిపించింది. ఇంధన విమానం దగ్గరికి వచ్చేసరికి తెలిసింది, దిగలేదని.

టోర్గర్సన్ ముందు నింపుకుని పక్కకి జరిగాడు. అప్పుడే రేడియోలో స్థావరం మాట్లాడింది. మధ్యాహ్నానికి వస్తుందన్న మంచు తుఫాను సరస్సు మీద నుంచి ఇప్పుడే విరుచుకుపడింది. రన్‌వే కనబడటం లేదు. మూసేశారు.

"కంగారేం లేదు," అన్నాడు టోర్గర్సన్. "నువ్వు నింపుకో. దక్షిణాన రెండు వందల యాభై మైళ్లలో పెద్ద స్థావరం ఉంది, అక్కడికి పోదాం."

ఐలీ పెద్ద విమానం పొట్ట కిందికి చేరింది. దాని తోక కింద నుంచి పొడుగాటి గొట్టం వేలాడుతుంది. వెనక కిటికీ దగ్గర బోర్లా పడుకున్న మనిషి దాన్ని నడిపి, ఆమె తల వెనక ఉన్న రంధ్రంలో దింపాలి. ఆమె చేయాల్సిందల్లా కదలకుండా ఉండటం. గంటకి మూడు వందల యాభై మైళ్ల వేగంలో, తలపైన ఇల్లంత విమానం కింద, కదలకుండా ఉండటం.

"ముందుకి పది అడుగులు," అంది గొట్టం నడిపే ఆమె గొంతు. తాపీ గొంతు. "ఐదు. ఆగు. కలిసింది."

ఇంధనం సూది లేవడం మొదలైంది. నాలుగు క్షణాలకి ఐలీ విమానం కొంచెం కిందికి జారింది. ఆమె సర్దింది. ఎక్కువ సర్దింది. పైకి లేచింది. మళ్లీ నొక్కింది. విమానం ఊయల్లా ఊగింది, గొట్టం ఊడిపోయింది.

"పర్లేదమ్మా. వెనక్కి వెళ్లి మళ్లీ రా. గొట్టాన్ని చూడకు, నా కిటికీని చూడు."

రెండోసారి గొట్టం దగ్గరికి రాకముందే ఊయల మొదలైంది. చేతిలో విమానాన్ని తిప్పే కర్రని వేళ్లతో పట్టుకోవాలని తెలుసు. పిడికిలి బిగిసిపోయింది. విప్పమని చేతికి చెప్పింది. చెయ్యి వినలేదు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, రెప్ప బరువెక్కి వాలింది. తెరిచేసరికి పెద్ద విమానం పొట్ట అద్దం నిండా ఉంది.

"తప్పుకో! తప్పుకో! తప్పుకో!"

ఐలీ ఇంజన్ తగ్గించి ముక్కు కిందికి పొడిచింది. గొట్టం చివర అద్దానికి చేతి దూరంలో నుంచి దూసుకుపోయింది. వెయ్యి అడుగులు కిందికి దిగాక గాని ఊపిరి ఆడలేదు.

రేడియోలో టోర్గర్సన్ గొంతు. "ఇంధనం ఎంత ఉంది నీకు?"

"రెండు వేల తొమ్మిది వందల పౌండ్లు."

"ఇంకొక్కసారి ప్రయత్నించు. వస్తుంది నీకు. ఎప్పుడూ చేసేదేగా."

ఐలీ లెక్క వేసుకుంది. తూర్పు ఒడ్డున తొంభై మైళ్లలో ఒక చిన్న ఊరి విమానాశ్రయం ఉంది. రన్‌వే పొట్టిది, దాని మీద మంచు. అక్కడికి చేరాలంటే రెండు వేల ఐదు వందలు చేతిలో ఉండగానే బయల్దేరాలి. ఇంకోసారి ప్రయత్నించి, అదీ తప్పితే, ఆ ఊరు కూడా చేజారుతుంది. అప్పుడు మిగిలేది సీటు కింద మీట. లాగితే పారాచూట్, దాని కింద సరస్సు. ఈ నెలలో ఆ నీళ్లలో మనిషికి అరగంట కూడా కష్టం.

కలిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నింపుకుని, దక్షిణాన దిగి, కాఫీ తాగి, రేపు ఇంటికి. ఆ ఆశ ఎంత గట్టిగా లాగిందంటే, చెయ్యి అప్పుడే ఇంజన్ పెంచడానికి కదిలింది.

ఇందాక తన మాట వినని చెయ్యే అది. ఆమె దాన్ని వెనక్కి తీసుకుంది.

"నేను తూర్పుకి పోతున్నాను," అంది.

"ఐలీ, అక్కడ ఆరువేల ఐదొందల అడుగులే. జారే విమానాన్ని ఆపడానికి రన్‌వేకి అడ్డంగా తీగ కూడా లేదు."

"తెలుసు. ఇక్కడ నా వల్ల కాదు ఈ రోజు. పైన గొట్టం నడిపే ఆమెని కూడా చంపేస్తాను."

"సరే. నీ పక్కనే వస్తా," అన్నాడు టోర్గర్సన్.

*

ఊరి విమానాశ్రయంలో మంచు తోసే ట్రక్కు రన్‌వే మీద సగం దూరం వెళ్లి, రేడియోలో విషయం విని, ఉన్నపళంగా పక్కకి తిరిగి మంచులోకి దిగిపోయింది. ఐలీకి అది పసుపుపచ్చ అగ్గిపెట్టెలా కనిపించింది. దాని వెనక సగం రన్‌వే నల్లగా, ముందు సగం తెల్లగా ఉంది.

ఒకే అవకాశం. మళ్లీ లేచి తిరగడానికి ఇంధనం లేదు.

"వేగం బాగుంది," అన్నాడు టోర్గర్సన్ పై నుంచి. "కొంచెం ఎత్తు తగ్గించు. అంతే. అంతే."

రన్‌వే మొదట్లోనే చక్రాలు తాకించింది. ముక్కు ఎత్తి పట్టుకుని గాలికి రెక్కలు ఎదురుపెట్టింది. వేగం తగ్గుతోంది, కానీ తీరిగ్గా. ముక్కు దించి బ్రేకులు నొక్కింది. నల్ల సగం మీద పట్టాయి. తెల్ల సగం రాగానే కాళ్ల కింద ఏమీ లేనట్టయింది. విమానం జారుతోంది. కొస దీపాలు, ఎర్రవి, పెద్దవవుతున్నాయి. "ఆగవే, ఆగవే తల్లీ," అని తెలియకుండానే బయటికి అంటోంది. కొట్టంలో ఆవుతో అన్న గొంతుతోనే.

దీపాలు రెండు వైపుల నుంచి వెనక్కి వెళ్లిపోయాయి. విమానం మంచు గట్టులోకి దూరింది. ముందు చక్రం విరిగిన చప్పుడు వెన్నులో వినిపించింది. ముక్కు ధబీమని కూలబడింది. అద్దం మీద అంతా తెలుపు.

ఇంజన్ ఆపింది. అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

"ఐలీ?" అన్నాడు టోర్గర్సన్. అతని గొంతు అలా ఉండటం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఐలీ, మాట్లాడు."

"ఉన్నాను. చక్రం పోయింది. నేను ఉన్నాను."

అద్దం ఎత్తి కిందికి జారేసరికి మంచు ట్రక్కు ముసలాయన మోకాళ్ల లోతు మంచులో పరుగెత్తుకొస్తున్నాడు.

"చక్రాల పక్కకి రాకండి!" అని అరిచింది ఐలీ. "బ్రేకులు కాగిపోయి ఉన్నాయి, టైర్లు పేలతాయి!"

అతను ఆగి, ఆమెని ఎగాదిగా చూశాడు. "అమ్మాయ్, దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదండీ."

"మరి ఏడుస్తావేం?"

ఏడుస్తున్నట్టు ఆమెకి తెలియనే లేదు. ఆయన తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పి, ట్రక్కులో హీటరు ముందు కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి తెచ్చుకున్న మాంసం కూరి కాల్చిన పేస్టీ రొట్టెని సగానికి విరిచి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకునే నిద్రపోయింది.

*

మర్నాడు కొపెక్కి నలుగురు మనుషుల్ని, క్రేన్‌ని వేసుకుని వచ్చాడు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"చీఫ్," అంది ఐలీ.

"మంచు వల్ల. రన్‌వే పొట్టిది. బాగా దింపావు. నేను అదే రాస్తాను."

"చీఫ్, నేను నిద్రపోలేదు."

అతను లేవలేదు. వెనక్కి చూడలేదు కూడా. "ఏంటి?"

"రాత్రి స్టెంకో వాళ్ల కొట్టానికి వెళ్లాను. మీకు అబద్ధం చెప్పాను. కాగితంలో కూడా."

కొపెక్కి చేతిలో టార్చి ఆర్పాడు. మెల్లగా లేచాడు. "నా చేత్తో కట్టి పంపాను నిన్ను," అన్నాడు. "అడిగి మరీ పంపాను." క్రేన్ వైపు నడిచాడు. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆ తరవాత ఆరు వారాలు కూడా మాట్లాడలేదు.

స్థావరానికి తిరిగొచ్చాక టోర్గర్సన్ నడవలో ఆపాడు. విషయం అతనికి అప్పటికే తెలిసింది.

"ఎవరూ అడగలేదు కదా నిన్ను. తుఫాను ముందొచ్చింది, అది చాలు. ఎందుకు తవ్వుకుంటున్నావు?"

"గొట్టం నడిపిన ఆమె ఏమనుకుంటోంది, తన వల్ల తప్పు జరిగిందనుకుంటోందా?"

ఐలీ వెళ్లి దళాధిపతి కల్నల్ గది తలుపు తట్టింది.

కల్నల్ అంతా విన్నాడు. "కెప్టెన్, నా దగ్గర ఇరవై ఎనిమిది మంది పైలట్లు. ఇరవై మందికి వేరే ఉద్యోగాలున్నాయి. ఆ కాగితం నేను నమ్మలేకపోతే ఈ దుకాణం రేపే కట్టేసుకోవాలి," అన్నాడు. నాలుగు నెలలు ఎగరకూడదన్నాడు. ఫైల్లో ఒక మందలింపు ఉత్తరం పడింది. తరవాత పరీక్షలన్నీ మొదటి నుంచి. ఛాతీ మీది పైలట్ గుర్తు, ఆ రెక్కలు మాత్రం తీసేయలేదు.

ఇంటికి వెళ్లాక వెర్న్‌తో తేల్చుకుంది. డ్యూటీ ముందు రోజు సాయంత్రం ఆరు దాటితే తన ఫోన్ మోగదు, ఆవు చచ్చినా సరే. వెర్న్ మొహం ముడుచుకున్నాడు. "స్టెంకో నన్ను తిడతాడు," అన్నాడు. తిట్టాడు కూడా. మార్చిలో, నేల మీద డ్యూటీకి ముందు అలాంటి ఒక రాత్రే స్టెంకో వాళ్ల ఆవు ఒకటి పోయింది. ఐలీ తరవాత వెళ్లి అతనికి మొహం చూపించింది. అతను గేటు తీయలేదు.

మేలో పరీక్షలు గట్టెక్కింది. జూన్‌లో మళ్లీ ఎగిరేవాళ్ల బోర్డు మీద పేరు. రెండో వారం శనివారం, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ముందు రోజు రాత్రి ఆమె పడుకుంది గాని, పంటి నొప్పి నిద్ర పట్టనివ్వలేదు. బల్ల ముందు కాగితం పట్టుకుని నిలబడింది. అవతల టోర్గర్సన్ మ్యాపు మడుస్తున్నాడు.

"నేను రాలేను ఈ రోజు."

"ఏమైంది?"

"నిద్రలేదు."

గదిలో ఉన్న ముగ్గురూ తలెత్తి చూశారు. ఐలీ చెవులు వేడెక్కాయి. టోర్గర్సన్ వాచీ చూసుకున్నాడు, పళ్లు నూరుకున్నాడు, డస్టరు తీసుకుని బోర్డు మీద ఆమె పేరు తుడిచేశాడు.

ఆమె బయటికి వచ్చి కొపెక్కికి చెప్పడానికి విమానం దగ్గరికి నడిచింది. అతను అప్పటికే ఇంధనం నింపి, అద్దం తుడిచి, నిచ్చెన వేసి ఉన్నాడు. పొద్దున్న నాలుగింటి నుంచి పని. విని, టోపీ తీసి తొడకేసి కొట్టాడు.

"నాలుగింటికి లేచాను డాక్టరమ్మా! నాలుగింటికి!"

"తెలుసు చీఫ్."

"ఇప్పుడిదంతా వెనక్కి లాగాలి."

"నేనూ లాగుతాను."

"నువ్వేం లాగొద్దు." నిచ్చెన విసురుగా తీసి భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "పో. పోయి పడుకో," అన్నాడు.