పొడి చేతులు

ఆదివారం పొద్దున రొయ్యలు ఒలుస్తుంటే మా తమ్ముడు హర్ష ఫోన్ చేశాడు. నా చేతులనిండా నీచు. అందుకని మా ఆయన సోమేశ్వరరావుగారు స్పీకర్ పెట్టి, సెల్లు వంటింటి గట్టు మీద ఉంచారు. దాంతో వాడు నాతో చెప్పాల్సిన మాట ఇంటిల్లిపాదీ విన్నారు. హర్ష ఓడ మీద పనిచేస్తాడు. సింగపూర్‌లో దిగి, నా పుట్టినరోజుకని పుస్తకాలు చదువుకునే యంత్రం కొందామని షాపులో నిలబడ్డాడు. రెండువేల తొమ్మిదిలో అలాంటిది మా బందరులో నేనైతే ఎవరి దగ్గరా చూడలేదు.

“రెండు రకాలున్నాయక్కా. ఒకటి బటన్లది. ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలితో నొక్కితే పేజీ తిరుగుతుంది. ఇంకోటి వేలితో తాకేది. తెర పెద్దది, నచ్చిన వాక్యం కింద గీత కూడా గీసుకోవచ్చు. కాకపోతే రెండు చేతులూ కావాలి, తడి తగలకూడదు. రెండిట్లోనూ తెలుగు రాదు. గంటలో మళ్లీ చేస్తా, ఏదో ఒకటి చెప్పు.”

తెలుగు రాకపోతే ఏం, తెలుగు పుస్తకాలు నా బీరువా నిండా ఉన్నాయి. పెడన స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని, ఇక్కడ దొరకని ఇంగ్లీషు నవలలే నాకు కావాలి. కానీ ఆ సంగతి నన్నెవరడిగారు? యంత్రం నాకు, ఆలోచన వీళ్లకి. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో, ఎన్ని పుస్తకాలు పడతాయో చదవడం మొదలుపెట్టారు. మా అత్తగారు ఆనందమ్మగారు హాల్లోంచే అన్నారు: “ఒక్క పుస్తకానికే చారు పొంగిపోతోంది. వెయ్యి పుస్తకాలు చేతికిస్తే ఇక మనకి పస్తే.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఒళ్లు మండేది అందుకే, ప్రతిసారీ నేనూ నవ్వుతాను.

“బటన్లదే చెప్పు సుగుణా,” అన్నారు మా ఆయన. “ఓ చేత్తో కూర కలుపుతూ చదువుకోవచ్చు. నీ పని ఆగదు.”

పాపం, నా మంచి కోరే అన్నారు. అంతకన్నా దారుణం, ఆ మాట ఆయన అనకముందే నేనూ అదే అనుకున్నాను. పెళ్లయ్యాక నేను ఏ నవలా కూర్చుని చదవలేదు. ఆవకాయ జాడీకి ఆనించి గరిటె తిప్పుతూ చదివాను, పెడన బస్సులో ఓ చేత్తో రాడ్డు పట్టుకుని చదివాను. నా పుస్తకాలకి పసుపు మరకలే గుర్తులు. ఒకసారి ఒక వాక్యం ఎంత బాగుందంటే, దాని దగ్గరే ఆగిపోయాను. పోపు మాడింది. “ఏ హీరోగారి ధ్యాసలో ఉన్నావు?” అన్నారు ఈయన, మా ఆడపడుచు కుమారి ముందర. ఆ వాక్యం ఏమిటో ఇప్పుడు గుర్తులేదు, ఆ వెటకారం మాత్రం గుర్తుంది. మరి ఈయన పేపరు ఎలా చదువుతారు? రెండు చేతులతో బార్లా తెరిచి, ఎదురుగా మనిషి నిలబడ్డా కనిపించనంతగా. కాఫీ అక్కడికే వస్తుంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ చదువుకోవడానికి వీలుగా ఆయన పేపరు ఒంటిచేత్తో పట్టుకునేలా ఉండాలని ఎవరైనా అన్నారా? నా తల్లి కూడా అనదు. నేనూ అనలేదు. చదవడానికి కూడా పని దగ్గర పర్మిషన్ అడిగే బతుకైపోయింది నాది.

రొయ్యలు కడిగి మూతపెట్టి, కుక్కర్ స్టవ్ మీద పెట్టాను. చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని, తువ్వాలుతో పొడిగా తుడుచుకున్నాను. సెల్లు తీసుకుని హాల్లోకి వెళ్లి ఆయన పేపరు చదువుకునే కుర్చీలో కూర్చున్నాను. మోగగానే స్పీకర్ పెట్టకుండా ఎత్తాను.

“తాకేదే తీసుకోరా.”

“దానికి రెండు చేతులూ కావాలక్కా. నీకు కుదురుతుందా?”

“ఇప్పుడైతే కుదరదు. అందుకే అది కావాలి.”

లోపల కుక్కర్ మూడో కూత వేసింది. మా ఆయన నావైపు చూశారు, అత్తగారు నావైపు చూశారు. నేను సెల్లుని రెండో చేత్తో కూడా పట్టుకున్నాను.

“మీరు వెళ్లి స్టవ్ కట్టెయ్యండి,” అన్నాను ఆయనతో. “నా చేతులు ఖాళీ లేవు.”